ముంజ నీళ్లు కంట్లో చిమ్మాయని చెప్పాను

కథలు చెప్పడం ఎవరి దగ్గర నేర్చుకున్నారని సభల్లో అడిగినప్పుడల్లా మా నాయనమ్మ దగ్గర అని చెబుతూ వచ్చాను. అందరూ చప్పట్లు కొడతారు. నాయనమ్మ మాటెత్తితే చాలు, జనం మెత్తబడిపోతారు, ఆ సంగతి నాకు బాగా తెలుసు. నిజానికి మా నాయనమ్మకు ఒక్క కథ కూడా రాదు. పొద్దస్తమానం వంటింట్లో పొయ్యి ఊదుకుంటూ, దగ్గుకుంటూ, ఎవరు తిన్నారు ఎవరు తినలేదు అని చూసుకోవడంతోనే ఆవిడ బతుకు తెల్లారిపోయింది. నేను కథ చెప్పడం నేర్చుకున్నది మా శేషు బావ చెంపదెబ్బలు తినడం చూసి. ఈ మాట ఇన్నేళ్లలో ఎక్కడా అనలేదు. మొన్న మంగళవారం ఆ అమ్మాయి మా ఇంటికి రాకపోతే ఇప్పుడూ అనేదాన్ని కాదు.

అమ్మాయి పేరు లలిత. గోదావరి దిగువన, నేను చదువుకున్న ఊరి హైస్కూల్లో పిల్లలతో మాట్లాడే కౌన్సిలర్‌గా కొత్తగా చేరిందట. పొద్దున్నే బస్సెక్కి భద్రాచలంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి, భుజాన సంచి, చెప్పుల నిండా దుమ్ము. "మేడం, పోయిన నెల మా బడిల ఒక పిల్లగాడు బ్యాగుల కత్తి పెట్టుకొచ్చిండు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకామె చూసి జల్దీ వచ్చి సారుకు చెప్పింది. ఏం కాలే, పిల్లగాణ్ణి కూసోబెట్టి మాట్లాడినం, వాడు ఏడ్సిండు, ఇప్పుడు మంచిగున్నడు. గానీ చెప్పిన పిల్లను అందరు చాడీలు చెప్పేదానివని ఏడిపిస్తున్నరు. టీచర్లు గూడ ఇద్దరు ముగ్గురు, గింత దానికి గంత లొల్లి ఎందుకంటున్నరు. మీరు గా బడిల్నే చదివిన్రు, రచయిత్రి, మీ మాటంటే వింటరు. రేపు వచ్చి జర చెప్పుండ్రి, ముందుగాల గుర్తు పట్టుడు ఎంత అవసరమో."

సంచిలోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టింది. పిల్లల్లో ఏమేం కనిపిస్తే పెద్దవాళ్లు జాగ్రత్తపడాలో వరసగా రాసి ఉంది. నలుగురిలో పదే పదే అవమానపడటం. తిండి మానేయడం. స్నేహితులకు దూరంగా జరగడం. ఇష్టమైన వస్తువులు ఇతరులకు ఇచ్చేయడం. కనిపించిన దాన్నల్లా నరకడం, విరగ్గొట్టడం. ఫలానావాడి పని పడతానని నోటితోనే చెప్పడం. ఆయుధం మీద ధ్యాస. కాగితం మీద శేషు బావ పేరు ఒక్కటే లేదు, అంతే. టీ పెడతానమ్మా అని లేచి వంటగదిలోకి పారిపోయాను.

మేం గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లం. తాతయ్య గోదావరి లంకల్లో పొగాకు వేయడానికి వచ్చి, ఒడ్డున పొలం కొని స్థిరపడ్డాడు. ఇంట్లో దేన్ని ముట్టుకున్నా పొగాకు వాసనే. ఆకు తాళ్లకు గుచ్చి పందిళ్ల మీద ఎండబెట్టే రోజుల్లో తలకి ఎన్నిసార్లు కుంకుడుకాయ పెట్టి రుద్దుకున్నా పోయేది కాదు, బళ్లో పిల్లలు "చుట్ట వచ్చింది, చుట్ట వచ్చింది" అని ముక్కు మూసుకునేవాళ్లు. కోతలయ్యాక కత్తులన్నీ బూడిదతో తోమి, ఆముదం రాసి, కొట్టంలో గోడకి వరసగా మేకులకి తగిలించేవాళ్లు. ఏడు మేకులు, ఏడు కత్తులు. ఆ కత్తుల జోలికి వెళితే తాతయ్య తోలు తీసేవాడు. ఇంట్లో భయపడాల్సింది ఆయనకి ఒక్కడికే, సంతోషపెట్టాల్సిందీ ఆయన్ని ఒక్కణ్ణే.

శేషు బావ మా మేనత్త కొడుకు. అత్తయ్య జబ్బు చేసి పోయాక మావయ్య మళ్లీ పెళ్లి చేసుకుంటే తాతయ్య వెళ్లి మనవణ్ణి తెచ్చుకున్నాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. తొమ్మిదో తరగతి తప్పడంతో నా క్లాసులోకే వచ్చి పడ్డాడు. పొడుగ్గా, బిడియంగా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉండేవాడు. ఈతలో, సైకిల్ బాగుచేయడంలో అంతటివాడు లేడు. లెక్కలు మాత్రం వచ్చేవి కావు. పెద్దయ్యాక మమ్మల్నిద్దర్నీ ముడేస్తారని ఇంట్లో అనుకుంటూ ఉండేవాళ్లు, అందుకని నేను అతన్ని లెక్కచేయనట్టు పోజు కొట్టేదాన్ని.

లెక్కల మాస్టారికి ఒక పద్ధతి ఉండేది. ఆ రోజుల్లో చాలా బళ్లలో ఉండేదే. ప్రశ్న అడిగేవారు. చెప్పలేని మగపిల్లల్ని వరసగా నిలబెట్టేవారు, ఆడపిల్లలైతే గోడవైపు తిరిగి నిలబడాలి. సరైన జవాబు చెప్పిన పిల్లాడు లేచి, నిలబడ్డ ఒక్కొక్కడి ముక్కు ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో చెంప మీద కొట్టాలి. మా క్లాసులో జవాబు చెప్పేది ఎప్పుడూ జోగయ్యే. లోపలి అడవి గూడెం పిల్లవాడు, సర్కారు హాస్టల్లో ఉండేవాడు. వాళ్ల నాన్న మా పొలంలోనే కూలికి వచ్చేవాడు. బావ కంటే చాలా పొట్టి. ముక్కు అందక మునివేళ్ల మీద లేచేవాడు, క్లాసంతా గొల్లున నవ్వేది. మెల్లగా కొడితే మాస్టారు ఊరుకునేవారు కాదు. "దూది ఏకుతున్నావురా? గట్టిగా కొడతావా, నీకు నేను చూపించనా?" అనేవారు. అప్పుడు జోగయ్య కళ్లు మూసుకుని ఫెడీమని కొట్టేవాడు. కొట్టేముందు పెదాలు కదపకుండా, "ఏమనుకోకు శేషూ, సారు కొట్టమంటుండు" అనేవాడు. ముందు బెంచీలో కూర్చునేదాన్ని, నాకు వినబడేది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి తాతయ్య అరుగు మీద పడకకుర్చీలో చుట్ట ముట్టించుకుని, "ఏమ్మా రాజ్యం, ఇవాళ బడి విశేషాలేంటి?" అని అడిగేవాడు. మొదటిసారి నేను ఊరికే చెప్పాను, ఇవాళ బావని జోగయ్య కొట్టాడని. తాతయ్య చుట్ట తీసి నవ్వాడు. ఆయన నవ్వడం మా ఇంట్లో చిన్న విషయం కాదు. మర్నాడు లేచి నటించి చూపించాను. మాస్టారి గొంతు, జోగయ్య మునివేళ్లు, బావ ముక్కు ఎర్రబడటం. నాన్న నవ్వాడు, పాలేర్లు నవ్వారు, వంటింటి గుమ్మంలో అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత అది రోజువారీ కార్యక్రమం అయిపోయింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు మార్చాలో, నవ్వు సద్దుమణగకముందే ఇంకో మాట ఎలా అందించాలో అక్కడే పట్టుబడింది. కొట్టింది ఒక్కసారైతే రెండుసార్లు అనేదాన్ని. 'ఏమనుకోకు శేషూ' అన్న మాట మాత్రం ఏనాడూ చెప్పలేదు. అది చెబితే నవ్వు రాదు. ఆ వయసులోనే నాకు ఆ తెలివి ఉంది, చూడండి.

మొదట్లో బావ కూడా నవ్వేవాడు. తర్వాత తల దించుకుని పేపర్ చూస్తున్నట్టు కూర్చునేవాడు. ఆ తర్వాత నేను మొదలుపెట్టగానే లేచి కొట్టం వైపు వెళ్లిపోయేవాడు. నేను గొంతు పెంచేదాన్ని, అక్కడికీ వినబడాలని.

అతను అన్నం సరిగా తినడంలేదని ఇంట్లో కనిపెట్టింది నాయనమ్మ ఒక్కతే. "పిల్లాడు పెరుగు కూడా కలుపుకోవట్లేదే, కంచంలో చెయ్యి కడిగేస్తున్నాడు" అని అమ్మతో అంది. సాయంత్రం గోదావరికి ఈతకి కూడా వెళ్లడం మానేశాడని కనిపెట్టింది కూడా ఆవిడే. కనిపెట్టి ఏం చేసింది? ఎర్రగా, ఏపుగా ఉన్నాడు, ఊరి కళ్లన్నీ వాడిమీదే అని ఉప్పూ మిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని మూడు శుక్రవారాలు దిష్టి తీసి పొయ్యిలో వేసింది. మిరపకాయలు ఘాటు రాలేదు, దిష్టి గట్టిగానే ఉందని చెప్పుకుంది. ఆవిణ్ణి ఏమనను? ఇంత ఇంట్లో కనీసం ఆవిడ చూసింది. దిష్టి పెట్టింది ఊరి కళ్లు కాదు, ఇంట్లో నా నోరు, అంతే ఆవిడకి తెలియనిది.

ఒకరోజు పెరట్లో అరటి పిలకలన్నీ నరికేసి ఉన్నాయి, ఒక్కటి మిగల్లేదు. తాతయ్య ఎవరు చేశారని గర్జిస్తే బావ నేనే అన్నాడు. "ఎందుకురా?" అంటే, "ఆ జోగిగాడి చెయ్యి ఉంచను తాతయ్యా. చూస్తూ ఉండు" అన్నాడు. మేమందరం అక్కడే ఉన్నాం. తాతయ్య కొడతాడనుకున్నాను. ఆయన మీసం దువ్వుకుని, "అదీ! ఇన్నాళ్లకి మన రక్తం అనిపించావురా" అని భుజం తట్టాడు. నాన్న కూడా, పోనీలే, పౌరుషం వచ్చింది, ఇక చదువు కూడా వస్తుంది అన్నాడు. అరటి పిలకల కోసం ఎవరూ బాధపడలేదు. జోగయ్య చెయ్యి సంగతి అసలు ఎవరికీ పట్టలేదు, ఆ చెయ్యి మా పొలంలో పనిచేసేవాడి కొడుకుది.

వేసవి ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఒక పొద్దున బావ తన సిరా పెన్ను నాకిచ్చాడు. మావయ్య ఇచ్చిన పెన్ను, ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. "నాకెందుకు బావా?" అంటే, "ఉంచుకోవే, నాకు ఇక అక్కర్లేదు" అన్నాడు. నేను ఎగిరి గంతేసి తీసుకున్నాను. అక్కర్లేకపోవడమేంటని అడగలేదు. ఆ పొద్దునే కొట్టంలోకి నా చెప్పుల కోసం వెళితే ఏడు మేకుల్లో చివరిది ఖాళీగా ఉంది.

బడికి సైకిల్ మీద వెళుతుంటే దారిలో చైను పడింది. బావ తన సంచి నా చేతికిచ్చి కింద కూర్చున్నాడు. సంచి బరువుగా ఉంది. పుస్తకాల మధ్య గోనెగుడ్డ చుట్టిన పొడుగాటి వస్తువు. గుడ్డ మడత తీశాను. ఆముదం వాసన, పొగాకు వాసన. తలెత్తేసరికి బావ నన్నే చూస్తున్నాడు. చేతికి అంటిన గ్రీజు కూడా తుడుచుకోవడంలేదు, అలాగే చూస్తున్నాడు. "ఏంటి?" అన్నాడు. "ఏం లేదు" అన్నాను. మడత వేసి సంచి ఇచ్చేశాను.

దారిలో మా పొలం గట్టు మీద తాతయ్య కనిపించాడు, చెయ్యి ఊపాను. బడి గేటు దగ్గర హెడ్మాస్టారు పూలమొక్కలకి నీళ్లు పోస్తున్నారు. "నమస్కారం సార్" అన్నాను. "ఏమ్మా, బాగా చదువుతున్నావా?" అని అడిగారు. "చదువుతున్నాను సార్" అన్నాను. క్లాసులో జోగయ్య నా వెనక బెంచీలోనే కూర్చున్నాడు, వంగి ఒక్కమాట చెబితే సరిపోయేది. గంట గంటకీ బెల్లు కొడుతూనే ఉన్నారు. నేను నోట్సు రాసుకుంటూనే ఉన్నాను, ఆ కొత్త పెన్నుతో.

బడి వదిలాక హాస్టల్ పిల్లలు బోరింగు దగ్గర కాళ్లు కడుక్కుంటారు. జోగయ్య వంగి మొహం కడుక్కుంటున్నాడు. బావ వెనక నుంచి వెళ్లాడు. పిలిచాడు. జోగయ్య తిరిగి చెయ్యి అడ్డం పెట్టాడు. అదే కుడిచెయ్యి. నేను చూసింది అంతే, మిగతాదంతా అరుపులు. ప్రాణం పోలేదు. మూడు వేళ్లు పోయాయి, నాలుగోది ఉన్నా లేనట్టే. ట్రాక్టర్లో వేసుకుని భద్రాచలం దవాఖానాకి తీసుకెళ్లారు. బావ అక్కడే బోరింగు గట్టు మీద కూర్చుండిపోయాడు, కత్తి కిందపడేసి.

మధ్యాహ్నం పోలీసు జమేదారు వచ్చాడు. తాతయ్య అప్పటికే హెడ్మాస్టారి గదిలో కూర్చుని ఉన్నాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నన్ను పిలిచి, "మా మనవరాలు అక్కడే ఉందండీ, చక్కగా చెబుతుంది" అన్నాడు తాతయ్య. నా వైపు చూసి, "పిల్లలు తాటికాయలు కొడుతున్నారు కదమ్మా ముంజల కోసం, అప్పుడేగా?" అన్నాడు. అంతే అందించాడు. మిగతాది నేనే అల్లాను. బోరింగు వెనక తాటిచెట్టు కింద ఇద్దరూ కూర్చున్నారని, జోగయ్య కాయ పట్టుకున్నాడని, బావ కొట్టాడని. జమేదారు రాసుకుంటూ తలెత్తి, అంత పెద్దగా ఎలా తెగిందమ్మా అన్నాడు. నేను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మొదటి దెబ్బకే ముంజ పగిలి నీళ్లు కంట్లో చిమ్మాయండి. కళ్లు మూసుకున్నాడు, కత్తి జారింది" అన్నాను. చిమ్మినప్పుడు మొహం ఎలా తిప్పాడో చేత్తో చూపించాను కూడా. జమేదారు ఆహా అన్నాడు. తాతయ్య మొహంలో ఆ గర్వం నాకు ఇప్పటికీ కనబడుతుంది. ముంజ నీళ్లు ఎవరూ నేర్పలేదు. అవి పూర్తిగా నావి.

జోగయ్య తండ్రి చేత కూడా అలాగే చెప్పించారు. జోగయ్య దవాఖానా నుంచి తిన్నగా గూడేనికి వెళ్లిపోయాడు, మళ్లీ బడికి రాలేదు. ఊళ్లో అతనికంటే లెక్కలు వచ్చినవాడు లేడు, అతన్ని తీసుకెళ్లి మేకల వెనక నిలబెట్టాం. బావని గుంటూరు పంపేశారు. మా ఇంట్లో ఆ విషయం మళ్లీ ఎవరూ ఎత్తలేదు, సాయంత్రాలు తాతయ్య బడి విశేషాలు అడగడం కూడా మానేశాడు. వేళకి తిన్నాం, వేళకి పడుకున్నాం, మళ్లీ పొగాకు నారు పోశాం.

బావ నా పెళ్లికి వచ్చాడు. అప్పటికే తాగుడు అలవాటైంది, మనిషి పాడైపోయాడు. భోజనాల దగ్గర నన్ను పక్కకి పిలిచి, చాలా మామూలుగా చెప్పాడు. "చైను నిజంగా పడలేదే రాజ్యం, నేనే తీశాను. నువ్వు చూడాలనే సంచి ఇచ్చాను. చూశావు కదా. ఊళ్లో అందరికీ అన్నీ చెబుతావు, ఇది కూడా ఎవరికైనా చెబుతావనుకున్నాను." మధ్యాహ్నం దాకా ఎవరో ఒకరు వచ్చి చెయ్యి పట్టుకుంటారని ఎదురుచూశాడట. ఎవరూ రాకపోతే ఇక వెనక్కి తగ్గడానికి సిగ్గేసిందట. నేను పెళ్లిచీర కుచ్చిళ్లు పట్టుకుని భోజనాల పంక్తిలోకి వెళ్లిపోయాను. తర్వాత పదేళ్లకే పోయాడు. శవాన్ని చూడటానికి వెళ్లలేదు, మొహం చెల్లక.

టీ గ్లాసులతో ముందుగదిలోకి వచ్చేసరికి లలిత గోడమీది నా సన్మానం ఫోటోలు చూస్తోంది. ఇప్పటి బళ్లు అలా లేవు. ముక్కు పట్టి కొట్టించే మాస్టార్లు లేరు, ఇలాంటి పిల్ల ఒకతి సంచి తగిలించుకుని తిరుగుతోంది, కాగితం మీద రాసిన గుర్తులున్నాయి. ఎంత మారిందో అనుకునేదాన్నే. కానీ పోయిన వారమే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో వీడియో పెట్టారు, ఎక్కడో బళ్లో ఒక పిల్లాడికి తోటిపిల్లలు వరసగా మొట్టికాయలు వేస్తున్నారు. అందరూ నవ్వుమొహాలు పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను. వేలు దానంతటదే వెళ్లింది, ఇన్ని జరిగాక కూడా.

"మా తాత గూడ ఈ బడిల్నే చదివిండు మేడం," అంది లలిత టీ అందుకుంటూ. "తొమ్మిది దాకా. నాకు లెక్కలు చెప్పింది ఆయననే, ఎడమచేత్తోటి రాసుకుంట. కుడిచేతికి వేళ్లు లెవ్వు. పోయిన వానకాలం పోయిండు."

గ్లాసు కింద పెట్టాను. తెలిసే అడిగాను, ఆయన చేతికి ఏమైందని.

"గప్పుడు బడిల ముంజలు కోస్తుంటే తెగిందంట. దోస్తు కొడుతుండంట. ముంజ నీళ్లు కంట్ల చిమ్మితే కత్తి జారిందంట." చెబుతూ తను కూడా మొహం ఒక పక్కకి తిప్పి చేత్తో చూపించింది. "గట్లనే చేసి చూపెడుతుండె మా తాత. పాపం, వాని తప్పేం లేదు అనేటోడు."

ఆ రోజు జమేదారు రాసుకున్న కాగితం చదివి వినిపించి జోగయ్య ఎడమచేతి వేలిముద్ర వేయించుకుని ఉంటారు. లెక్కల్లో మొదటివాడి చేత వేలిముద్ర. నేను అల్లిన అబద్ధాన్ని ఆయన బతుకంతా మోసి, పిల్లలకి చెప్పి, మనవరాలికి కూడా ఇచ్చి వెళ్లాడు. నేను ఇన్ని పుస్తకాలు రాశాను, నా మాట ఎవరి ఇంట్లోనూ అంతకాలం నిలవలేదు.

అప్పుడు ఆ అమ్మాయికి మొత్తం చెప్పాను. ముక్కు పట్టడం, అరటి పిలకలు, ఖాళీ మేకు, సంచి. విన్నంతసేపూ లలిత కదల్లేదు, టీ మీద మీగడ కట్టింది. చివరికి ఒక్కటే అడిగింది. "కత్తి చూసిన్రు గద మేడం. ఎందుకు చెప్పలే?"

భయం అని చెప్పొచ్చు. చిన్నపిల్లని అని చెప్పొచ్చు. చాడీ అంటారని చెప్పొచ్చు, అది బళ్లో ఆ తొమ్మిదో తరగతి పిల్లకి రేపు పనికొచ్చేది కూడా. ఇన్నేళ్లూ నాకు నేను అవే చెప్పుకున్నాను. "బెల్లు కొట్టగానే నేను వరండా చివరికి వెళ్లి, బోరింగు బాగా కనబడే చోటు చూసుకుని నిలబడ్డానమ్మా," అన్నాను. "ఏం జరుగుతుందో చూసి సాయంత్రం తాతయ్యకి చెప్పాలని."

లలిత సంచి భుజాన వేసుకుంది. వెళ్లిపోతుందనుకున్నాను, ఇక నన్ను బడికి పిలవదనుకున్నాను. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, నా మొహం చూడకుండా అంది. "రేపు పది గంటలకు రాండ్రి మేడం. గా చెప్పిన పిల్లను ముందు వరసల కూసోబెడత. ఇదే చెప్పుండ్రి." రెండు మెట్లు దిగి ఆగింది. "గానీ మంచిగ చెప్పకుండ్రి. ఉన్నదున్నట్టు చెప్పుండ్రి."